కట్టెల మీద తెల్లపొడి

సెంటినరీ కాలనీ,
14 జూన్.

నతానియేలు బావకు,

మీరూ హన్నక్కా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఫోన్లో చెబితే అక్క మళ్ళీ మీ చెవిలో అరిచి చెప్పాలి. సుగుణ మీకు ఉత్తరాలే రాసేది. అందుకే నేనూ రాస్తున్నాను.

ఒక చిన్న సంగతి అడగాలి. పెరట్లో ఆరుబయట పేర్చిన కట్టెలకు చీమలు పట్టకుండా ఏం చేయాలి? మందులు వద్దు. పొడి వద్దు, స్ప్రే వద్దు. వేరే దారి ఉంటే చెప్పండి.

ఒక ట్రాలీ తుమ్మ కట్టెలు తెప్పించాను. జామచెట్టు పక్కన వేయించాను. రెండు వానలు పడ్డాయి, అప్పుడే గండుచీమలు బారులు కట్టాయి. నోట్లో తెల్లటి గుడ్లు పట్టుకుని ఎక్కుతున్నాయి. ఈ పనులన్నీ సుగుణ చూసుకునేది. ఎలా చూసుకునేదో ముప్పై రెండేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.

సుగుణ పోయి ఏడు నెలలు కావస్తోంది. నవంబరు పద్దెనిమిదిన జ్ఞాపకార్థ కూటం పెట్టాలని పాస్టరు గారు అన్నారు. సంఘం వాళ్ళూ, మా లైను క్వార్టర్ల వాళ్ళూ కలిపి నూటయాభై మంది అవుతారు. వంట బయటే చేయాలి. కట్టెలు అందుకే.

ఆఫీసు మామూలే. ఇంకో ఏడాది సర్వీసు ఉంది.

మీ
జాన్ ప్రసాద్


గోలేటి,
25 జూన్.

జాన్ బావకు నీ బావ నతానియేలు రాసుకునేది.

నీ ఉత్తరం చూసి హన్న ఏడ్చింది. నేను నవ్విన. బీయే చదివిన మనిషి, ఆఫీసుల అందరికి అర్జీలు రాసిచ్చే మనిషి, చీమల గురించి నన్ను అడుగుతున్నడు. సుగుణ ఉంటే ఈ కాయితం పటం కట్టించేది.

ఇగ విను. చీమ కట్టెను తినది. తినేది చెద. చీమకు కావల్సింది తడి, చీకటి, జర ఖాళీ జాగ. ఆ మూడు లేకుంట చేస్తే అదే పోతది, నువ్వు చంపే పని లేదు.

కట్టె భూమికి ఆనొద్దు. కింద నాలుగు బండరాళ్ళు పెట్టి వాటి మీద రెండు ఇనుప పట్టీలు పరుచు. గోడకు మూరెడు ఎడం ఉంచు. బెరడు ఊడేది ఉంటే ఊడదీసి పారెయ్యి, గుడ్లు పెట్టేది దాని కిందనే. పేర్చుడు మాత్రం మోపు కట్టినట్టు కాదు. బొగ్గుబాయిల మేం పైకప్పు కింద చాక్ కడతం చూడు, రెండు కట్టెలు ఇటు, వాటి మీద రెండు అటు, గట్ల. మధ్యల గాలి ఆడుతది. మా నాయిన సుత నా లెక్క బాయిల దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మనే కద, సుగుణకు పదేండ్లప్పుడే నేర్పిండు. మీద రేకు కప్పు, పక్కలు మాత్రం మూయకు. జామకొమ్మ కట్టెలకు తగిలితే నరుకు, అది వాటికి రోడ్డు. రాళ్ళ కింద పాత డబ్బాల నీళ్ళు పెడితే ఇంకా మంచిది. ఎండ కొట్టిన రోజు పైవి కిందికి, కిందివి పైకి మార్చు.

ఆఖరుది అన్నిటికన్న మంచిది. చుట్టూ స్టోన్ డస్ట్ గీత గియ్యి. బొగ్గు దుమ్ముకు నిప్పు అంటుకోకుంట బాయిల చల్లే సున్నపురాయి పొడి, నీకు తెల్వనిదా. పొడి మీద చీమకు కాలు నిలవదు. వాన పడితే మళ్ళ వెయ్యాలె. పోయినేడు నువ్వు తెచ్చినవని సుగుణ రాసింది. అది మిగిలే ఉంటది కద? వాడు.

ఒకటి సమజ్ కాలె. కొత్త కట్టెలెందుకు? నా చెల్లె పేర్చిన దొంతి ఏమైంది? నేను ఇక్కడి నుంచి వ్యానుల పంపిన మద్ది కట్టెలు సుత అందులనే ఉన్నయ్. కూటం నాడు వాటి మీదనే వండాలె. ఆమె చేతుల మీద పేర్చినయి, ఆమె పేరు మీద కాలాలె. హన్న సుత అదే అంటున్నది.

నీ బావ
నతానియేలు


సెంటినరీ కాలనీ,
9 జులై.

నతానియేలు బావకు,

మీరు చెప్పినట్టే చేశాను. బండరాళ్ళు, పట్టీలు, గోడకు మూరెడు ఎడం. చాక్ మాత్రం మొదటిసారి కుదరలేదు, నాలుగో వరుసకే ఒరిగిపోయింది. విప్పి మళ్ళీ పేర్చాను. బెరడు తీస్తుంటే దాని కింద చీమల ఇల్లే ఉంది. డబ్బాల్లో నీళ్ళు పెట్టాను. మొన్న ఒక జామాకు డబ్బాలో అడ్డంగా పడింది. దాని మీదుగా ఎక్కేశాయి. కొమ్మ నరికాను. ఇప్పుడు చాలావరకు తగ్గాయి.

స్టోన్ డస్ట్ మిగలలేదు.

పాత దొంతి గోడవైపు ఉంది. టార్పాలిన్ కప్పాను. అవి తడిసిన కట్టెలు, వంటకు పనికిరావు. కూటానికి కొత్తవి చాలు. ఆ విషయం వదిలేయండి.

హన్నక్క మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

మీ
జాన్ ప్రసాద్


గోలేటి,
20 జులై.

జాన్ బావకు,

చాక్ ఒరిగిందని చదివి కడుపు నిండ నవ్విన. మొదటి వరుస సమంగ లేకుంటే పైన ఎంత కట్టినా ఒరుగుతది. మా ఓవర్‌మన్ ఇదే మాట అని మా వీపులు పగలగొట్టేటోడు.

గని తడిసిన కట్టె పనికి రాదంటవేంది? తడిసిన కట్టె ఎండుతది. మద్ది కట్టె ఇంకా మంచిగ ఎండుతది. టార్పాలిన్ ఎవడు కప్పమన్నడు? కప్పితే లోపల ఉడికి చీమలకు నువ్వే ఇల్లు కట్టిచ్చినట్టు. తీసెయ్యి, రెండు వారాలు ఎండ తగలనీయ్.

ఆమె కట్టెలు కాల్చబుద్ధి అయితలేదా? గట్లయితే గట్లని రాయి, నాకు సమజ్ అయితది. హన్న తల్లి చీర ఇంకా పెట్టెలనే ఉన్నది, కట్టదు, ఎవరికీ ఇయ్యదు. గని కట్టె చీర కాదు బావా. కట్టెను దాచిపెడితే పుచ్చుతది.

స్టోన్ డస్ట్ అంటే ఒకటి యాదికొచ్చింది. నేను కొత్తగ బాయికి ఎక్కిన దినాలు. డ్యూటీ దిగి వచ్చిన. నా బట్టల మీద తెల్లగ పొడి. సుగుణకు ఎనిమిదేండ్లు. అన్నా, ఇది విషమా అని అడిగింది. నేను వేలితోని తీసి నాలుక మీద ఏసుకొని చూపిచ్చిన. విషమైతే సావనా పిచ్చిదానా అన్న. అది సుత నాకి చూసింది. థూ, దీనికి రుచే లేదన్నది. ఆ తర్వాత మా ఇంట్ల కట్టెలకు, బియ్యం డ్రమ్ము కింద, గడప పొడుగూత అంతా అదే పొడి చల్లేది. చేతులతోనే. దానికి ఆ తెల్లపొడంటే అంత నమ్మకం.

అందుకే పోయినేడు నువ్వు తెచ్చినవంటే అంత సంబురపడ్డది. బాయి ముందట చిరిగిన సంచులు ఎన్ని పడి ఉంటయ్, మేనేజరును అడిగి దోసెడు తేలేవా మళ్ళ?

నీ బావ
నతానియేలు


సెంటినరీ కాలనీ,
6 ఆగస్టు.

నతానియేలు బావకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు రాయడానికి ఆలస్యమైంది.

మొన్న ఆదివారం ఒక సంగతి జరిగింది. మీకు వేరే ఎవరైనా చెప్పే ముందు నేనే చెప్పడం మంచిది.

చర్చి నుంచి వచ్చేసరికి పక్క క్వార్టరు సారక్క మా పెరట్లో ఉంది. మీకు తెలుసు, సుగుణ ఉన్నప్పటి నుంచీ రెండిళ్ళకూ మధ్య తడిక లేదు. వాళ్ళింట్లో బోనం వండుకుంటున్నారు. టార్పాలిన్ ఎత్తి పాత దొంతిలోంచి నాలుగు మద్ది చీలికలు తీసుకుంది.

నేను పరుగెత్తాను. "కింద పెట్టు" అని అరిచాను. ఆవిడకు అర్థం కాలేదు. నవ్వింది.

"ఏందన్నా, నాలుగు పుల్లలే కద. వదినె ఉన్నప్పుడు మోపులు మోపులు తీస్కపోయిన. బోనం వండి నీకు సుత పెడత తియ్యి."

ఆవిడ చేతుల్లోంచి కట్టెలు లాక్కున్నాను. ఒకటి ఆవిడ మణికట్టుకు గీసుకుంది. రక్తం వచ్చింది.

సారక్క కొంగుతో రక్తం తుడుచుకుంది. తర్వాత అంది. "కట్టెపుల్ల కాడ కొట్లాడెటోనివి కాకపోతివి. వదినెతోని పాటు నీ మంచితనం సుత పోయినట్టున్నది."

కొత్త దొంతి చూపించి ఎన్ని కావాలంటే అన్ని తీసుకొమ్మన్నాను. తీసుకోలేదు. చేతులు కడుక్కోమన్నాను. దానికి ఇంకా కోపం వచ్చింది. "నా చెయ్యి తగిల్తే మైల పడ్డదా మీ కట్టె?" అని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వాళ్ళాయన రెండిళ్ళ మధ్య తడిక కట్టాడు.

కారణం ఆవిడకు చెప్పలేదు.

చీమలు దాదాపు లేవు.

మీ
జాన్ ప్రసాద్


గోలేటి,
15 ఆగస్టు.

జాన్ బావా,

ఇరవై ఆరేండ్లు నేను కట్టెల కింద బతికిన. పైకప్పు కూలే ముందు కట్టె మూలుగుతది. చెవులు పోయినంక సుత ఆ మూలుగు నాకు అరచేతికి తెలిసేది, దిమ్మె మీద చెయ్యి పెడితే సాలు. నీ ఉత్తరాలు గట్లనే ఉన్నయ్.

మందు వద్దు, పొడి వద్దు అని మొదటి ఉత్తరంలనే రాసినవ్. స్టోన్ డస్ట్ అన్నప్పుడల్లా మాట మారుస్తున్నవ్. తడిసినయ్ అన్నవ్. ఇప్పుడు ఆడమనిషి చేతులకెళ్ళి గుంజుకున్నవ్. సారక్క సుగుణకు ఆఖరు స్నానం చేయించిన మనిషి.

ఆ కట్టెల ఏమున్నది? ఉన్నది ఉన్నట్టు రాయి. రాయకుంటే నేను బస్సెక్కి వచ్చి టార్పాలిన్ నేనే తీస్త.

నతానియేలు


సెంటినరీ కాలనీ,
28 ఆగస్టు.

నతానియేలు బావకు,

రాస్తున్నాను.

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి సుగుణ నన్ను స్టోన్ డస్ట్ తెమ్మని అడుగుతూ వచ్చింది. బావి ముందు రోజూ ఆ సంచుల పక్కనుంచే నా ఆఫీసుకు నడుస్తాను. మూడు నెలలు మరిచిపోయాను. గుర్తుండాలని పొద్దున్నే నా రుమాలు కొసకు ముడి వేసి జేబులో పెట్టేది. మధ్యాహ్నం కళ్ళద్దాలు తుడుచుకోవడానికి ఆ ముడి నేనే విప్పేవాణ్ణి. ఎందుకు వేసిందో ఆలోచించేవాణ్ణి కాదు.

జులైలో చీమలు కట్టెల్లోంచి వంటింట్లోకి వచ్చాయి. ఒక బుధవారం డ్యూటీ దిగి వస్తూ గోదావరిఖనిలో ఎరువుల దుకాణం దగ్గర ఆగాను. పురుగుల మందు పొడి అడిగాను. దుకాణదారు తెల్ల పొట్లాం ఇచ్చాడు. దాని మీద ఏం రాసి ఉందో నేను చదవలేదు. రోజంతా కాగితాలు చదవడమే నా ఉద్యోగం. ఆ ఒక్కటి చదవలేదు.

సుగుణ స్త్రీల ప్రార్థనకు వెళ్ళింది. దొంతి మీదా, సందుల్లోనూ, కిందా మొత్తం చల్లేశాను. కవరు చెత్తలో వేశాను.

ఆమె వచ్చి చూసింది. కట్టెలన్నీ తెల్లగా ఉన్నాయి. "తెచ్చినవా! రుమాలు ముడికి మూడు నెలలు పట్టింది" అని నవ్వింది. చేతిలో బైబిలు కూడా లోపల పెట్టకుండా దొంతి చుట్టూ తిరిగింది.

నేను "ఊఁ" అన్నాను.

అంతే అన్నాను బావా. మరిచిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. ఆమె అంత సంతోషంగా ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు అది చిన్న విషయంలా కనిపించింది. వారం తర్వాత చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటుంది అనిపించింది.

కరోనా తర్వాత ఆమెకు వాసనలు సరిగా తెలిసేవి కావు. సెప్టెంబరులో ముసురు పట్టింది. ఆ దొంతిలోంచి కట్టెలు తీసి పెరట్లో నీళ్ళ కాగు కింద పెట్టేది. రాలిన పొడిని వృథా చేయకుండా చేత్తో ఎత్తి మిగతా కట్టెల మీద మళ్ళీ చల్లేది. నేను చూశాను. పొయ్యి పక్కన కూర్చుని ఊదేది. పది పన్నెండు రోజులు. ఆ పొగలోనే నాకు స్నానానికి నీళ్ళు కాచింది.

కాగుతున్న నీళ్ళు చూశాను గానీ కాలుతున్నది ఏమిటో నాకు తట్టలేదు. ఇది నిజం. తట్టింది దగ్గు మొదలయ్యాక. అప్పుడైనా చెప్పాల్సింది. గ్యాస్ మీదే నీళ్ళు పెడదాం, నీకు శ్రమ అన్నాను. కారణం చెప్పలేదు.

దవాఖానలో డాక్టరు గారు అడిగారు. ఇంట్లో ఏమైనా మందులు చల్లారా, వాటి పొగ గానీ పీల్చిందా అని. సుగుణ నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయనకు చెబితే ఆమెకు చెప్పినట్టే. "లేదు, మామూలు కట్టెల పొగే" అన్నాను. ఆమె తల ఊపింది. నా మాటను బలపరిచింది.

ఆమెకు ముందునుంచీ ఉబ్బసం ఉంది. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ అని రాశారు. అందువల్లే పోయిందని నేను చెప్పలేను. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. డాక్టరుకు తెలిస్తే వేరే వైద్యం చేసేవారేమో. ఆ వీలు నేను ఆయనకు ఇవ్వలేదు.

మిగిలిన కట్టెలు అవి. వాటి మీద నూటయాభై మందికి వంట చేయమని మీరు రాస్తున్నారు. మీ చెల్లెలు పేర్చిందని. నేను తడిసినవని రాశాను.

మీరు బస్సెక్కి వస్తే టార్పాలిన్ తీయవద్దు. నన్ను ఏమైనా అనండి.

జాన్ ప్రసాద్


సెంటినరీ కాలనీ,
30 సెప్టెంబరు.

నతానియేలు బావకు,

మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. రాయమని అడగడం లేదు.

వానలు తగ్గాయి. ఎండలు వచ్చాక పైకట్టెలు కిందికి మార్చాను. ఈసారి చాక్ ఒరగలేదు.

జాన్ ప్రసాద్


గోలేటి,
17 అక్టోబరు.

జాన్ బావకు,

నెలన్నర రాయలె. కోపంతోనే రాయలె. రెండు ఉత్తరాలు రాసి చింపిన. వాటిల్ల ఉన్న మాటలు నీకు పంపేటివి కావు. హన్నకు నేను చెప్పలె, నీ ఉత్తరం అదే చదివింది. చదివి రెండు దినాలు నాతోని సుత మాట్లాడలె.

సుగుణ రాసిన ఉత్తరాలన్ని నా దగ్గర ఒక రేకు పెట్టెల ఉన్నయ్. పోయినేడు జులైల రాసింది తీసిన. ఇది నీకు తెల్వాలె, కష్టమనిపించినా తెల్వాలె. ఉన్నది ఉన్నట్టు ఇందుల ఎక్కిస్తున్న.

"అన్నా, నువ్వు ఓడినవ్. మీ బావ స్టోన్ డస్ట్ తెచ్చిండు. ఆఫీసోడు, కాయితం మనిషి, బాయి పొడి చేత పడతడా అంటివి కద. తెచ్చుడే కాదు, నేను ప్రార్థనకు పోయి వచ్చేలోపల మొత్తం చల్లి పెట్టిండు. నాకు చెప్పనే లేదు. అడిగితే ఊఁ అన్నడు అంతే. నీకు తెలుసు కద, ఆయన మంచి పని చేసినా చెప్పుకోడు. సందు ఇడవకుంట చల్లిండు అన్నా. క్రిస్మస్‌కు రవ్వలడ్లు పంపాలె. మాట మాటే."

లడ్లు నేను పంపలె. క్రిస్మస్ నాటికి చెల్లె లేదు.

ఇది చదివినంక నీ మీద కోపం ఎక్కువైంది. తర్వాత ఇంకోటి యాదికొచ్చింది. తెల్లపొడి నాలుక మీద ఏసుకొని చూపిచ్చింది ఎవడు? నేనే. తెల్లగుంటే భయం లేదని నేర్పింది నేను. నువ్వు చల్లినవ్, నేను నమ్మించిన. నీ పాపం తక్కువ చేసెటందుకు రాస్తలేను ఇది. నాది నాకు ఉన్నదని రాస్తున్న.

క్షమించిన అని రాయను. దినాం ప్రార్థనల ఆ మాట అంటున్న, మా యెడల అపరాధము చేసినవారిని అని. నీ మొఖం యాదికొచ్చి అక్కడ ఆగుతున్న. హన్న మిగిలింది చెప్పి ఆమెన్ అంటున్నది. ఇప్పటికి గంతే.

పద్దెనిమిదికి వస్తం. కొత్త కట్టెల మీద వండుదాం.

గని ఒక షరతు. నాకు రాసుడు సాలదు. నేను నూరు కిలోమీటర్ల అవతల ఉన్న చెవిటోణ్ణి, నాకు చెప్పుడు తేలిక. ఆ దొంతి మీద రాసి పెట్టు, అది ఏందో, ఎవరు చల్లిండ్రో. చదువుకున్నోనివి కద. నువ్వు రేపు రిటైరై పోతవ్. ఆ క్వార్టరుకు వేరేటోళ్ళు వస్తరు. కప్పిన టార్పాలిన్ ఎన్నాళ్ళుంటది? ఇంకో ఆడమనిషి ఆ కట్టెలతోని నీళ్ళు కాచుకోవద్దు.

స్టోన్ డస్ట్ నువ్వే తేవాలె. మా చెల్లె అడిగింది, ఇంకా బాకీనే ఉన్నది.

నతానియేలు


సెంటినరీ కాలనీ,
10 నవంబరు.

నతానియేలు బావకు,

సుగుణ ఉత్తరం అందింది. "సందు ఇడవకుంట" అన్న మాట దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

ఒక రేకు ముక్కకు నల్లరంగు వేసి, తెల్లరంగుతో రాశాను. "ఈ కట్టెల మీద పురుగుల మందు ఉంది. కాల్చకూడదు. ముట్టకూడదు. మందు చల్లినది నేను. నా భార్యకు చెప్పలేదు. జాన్ ప్రసాద్." టార్పాలిన్ మీద, దారిలో పోయేవాళ్ళకు కనిపించేటట్టు కట్టాను.

రెండు రోజులు లైనులో అందరూ ఆగి చదివి వెళ్ళారు. నాతో రోజూ షిఫ్టు బస్సు దాకా నడిచే సదయ్య మర్నాడు ముందే వెళ్ళిపోయాడు.

మూడోరోజు సారక్క తడిక మీదుగా పిలిచింది. తడిక కట్టాక నాతో మాట్లాడటం అదే మొదలు.

"అన్నా, ఏందో బోర్డు పెట్టినవట. అందరూ చదివి నా మొఖం చూస్తున్నరు. నాకు సదువు రాదు. నా మీదనే రాసినవా ఏంది, కట్టెల దొంగనని?"

రాయడం సులువని నేను అప్పటిదాకా అనుకోలేదు బావా. చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు తెలిసింది. చివరిదాకా చదివాను. ఒకచోట ఆగాను, మళ్ళీ చదివాను. తర్వాత బోర్డు మీద లేనిది కూడా చెప్పాను. రుమాలు, దుకాణం, ఊఁ, డాక్టరు.

సారక్క తన మణికట్టు వైపు చూసుకుంది. గీరుకున్న మచ్చ ఇంకా ఉంది.

"గందుకేనా గుంజుకున్నది" అంది. మళ్ళీ అంది. "ఆ ముసురుల ఒకనాడు నేను సుత పొయ్యి కాడ కూసున్న. వదినా, ఏందో మందు వాసన కొడుతున్నది అన్న. మా ఆయన తెచ్చిండు, బాయి పొడే అని నవ్వింది. ఇంకో మాట అననియ్యలె నన్ను. నీ మాట మీదున్నదన్నా ఆమె."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. తడిక అలాగే ఉంది. ఉండనివ్వాలి. కూటానికి వస్తుందో రాదో తెలియదు. పిలిచాను.

పాత దొంతిని ఏం చేయాలో మీరు వచ్చాక ఇద్దరం చూద్దాం. అప్పటిదాకా ఎవరూ ముట్టరు.

నిన్న మేనేజరు గారిని అడిగాను. చిరిగిన సంచిలో ఉన్నది తీసుకొమ్మన్నారు. టిఫిన్ డబ్బా నింపుకుని వచ్చాను. అంత దగ్గర. సీటు నుంచి లేచి వెళ్ళి రావడానికి పది నిమిషాలు పట్టింది.

కొత్త దొంతి చుట్టూ గీత గీశాను. చీమలు గీత దాకా వచ్చి పక్కకు తిరిగి వెళ్తున్నాయి. చల్లే ముందు కొంచెం వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను.

దీనికి రుచే లేదు బావా.

మీ
జాన్ ప్రసాద్